డిస్క్ పోలేదు బాస్... మోడ్ మారిందంతే!

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది. అదే ఏడాది చివర్లో ర్యామ్ ధరలు చుక్కలు చూపించాయి. ఇక కొత్త పీసీ ఏం కొంటాం? సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో ఉన్న చెనాయ్ ట్రేడ్ సెంటర్, అదే మన సీటీసీకి వెళ్లి, పాత డబ్బాకే ఒక ఎస్‌ఎస్‌డీ, ఇంకో ర్యామ్ స్టిక్ తగిలిద్దాం అనుకుంటాం. మంచి ఆలోచనే. తంటా ఇంటికొచ్చాకే మొదలవుతుంది.

మా తమ్ముడి ఫ్రెండ్ ఒకడికి ఇలాగే అయింది. కొత్త స్టిక్ పెట్టాడు, స్క్రీన్ రాలేదు. ఎవరో 'సీమాస్ క్లియర్ చెయ్‌రా' అన్నారు. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లలా ఉండే బ్యాటరీ తీసి, కాసేపాగి పెట్టాడు. స్క్రీన్ వచ్చింది, విండోస్ లోగో వచ్చింది, వెంటనే బ్లూ స్క్రీన్. కింద 'ఇన్‌యాక్సెసబుల్ బూట్ డివైస్' అని ఉంది. రిపేర్ షాపులో చూపిస్తే 'ఫార్మాట్ కొట్టాల్సిందే' అన్నారట. లోపల ఫైనలియర్ ప్రాజెక్టు ఉంది, బ్యాకప్ లేదు.

నిజానికి ఆ డిస్క్‌కి ఏమీ కాలేదు. డిస్క్‌తో మాట్లాడే కంట్రోలర్‌కి రెండు మూడు మోడ్‌లుంటాయి. ఐడీఈ అనేది పాతకాలం డిస్కుల పద్ధతి. ఏహెచ్‌సీఐ 2004లో ఇంటెల్ తెచ్చిన స్పెసిఫికేషన్. సాటా డిస్కులు వేగంగా పనిచేయాలంటే ఇదే కావాలి. మూడోది రైడ్, రెండు మూడు డిస్కుల్ని కలిపి వాడటానికి. విండోస్ ఏ మోడ్‌లో ఇన్‌స్టాల్ అయితే బూట్ అయ్యేటప్పుడు ఆ డ్రైవర్‌నే లోడ్ చేసుకుంటుంది. సీమాస్ క్లియర్ చేస్తే బయోస్ సెట్టింగ్స్ అన్నీ ఫ్యాక్టరీ లెక్కకి వెళ్లిపోతాయి. పాత బోర్డుల్లో అది ఐడీఈ కావచ్చు, కొన్నిట్లో రైడ్ కావచ్చు. విండోస్ మాత్రం ఏహెచ్‌సీఐ అనుకుని తలుపు కొడుతుంది. తీసేవాళ్లుండరు. ఆ బ్యాటరీ దానంతటది అయిపోయినా ఇదే కథ. టైమ్, డేట్ కూడా తప్పు చూపిస్తుంటే అనుమానం ముందు దానిమీదే. సీఆర్2032 అని అడిగితే వాచీల షాపులోనూ ఇస్తారు.

కాబట్టి ఫార్మాట్ మాట వినపడగానే ముందు బయోస్‌లోకి వెళ్లండి. డిస్క్ పేరు అక్కడ కనిపిస్తోందా? కనిపిస్తే సగం టెన్షన్ తీరినట్టే. 'సాటా మోడ్' అన్న చోట ఏముందో ఫొటో తీసుకుని, వేరే మోడ్‌కి మార్చి చూడండి. చాలాసార్లు అక్కడితో విండోస్ వచ్చేస్తుంది. రాకపోయినా, ఉబుంటు లైవ్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి ఫైల్స్ కాపీ చేసుకున్నాకే మిగతా ప్రయోగాలు. నిజంగానే రెండు డిస్కులతో రైడ్ పెట్టుకున్నవాళ్లు మాత్రం మోడ్ ముట్టుకోవద్దు.

ఉబుంటు డ్యూయల్ బూట్ కోసం కావాలనే రైడ్ నుంచి ఏహెచ్‌సీఐకి మారేవాళ్లకి పద్ధతి వేరు. ముందు విండోస్‌లో ఎంఎస్‌కాన్ఫిగ్ తెరిచి, బూట్ ట్యాబ్‌లో 'సేఫ్ బూట్' టిక్ పెట్టి రీస్టార్ట్ కొట్టండి. నేరుగా బయోస్‌లోకి వెళ్లి మోడ్ మార్చండి. సేఫ్ మోడ్‌లో విండోస్ కొత్త డ్రైవర్ని పట్టుకుంటుంది. తర్వాత టిక్ తీసేసి మళ్లీ రీస్టార్ట్. సేఫ్ మోడ్‌లో పిన్ పనిచేయకపోవచ్చు, అకౌంట్ పాస్‌వర్డ్ గుర్తుండాలి. బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే ముందే సస్పెండ్ చేయండి. లేదంటే 48 అంకెల రికవరీ కీ అడిగి కూర్చుంటుంది.

11వ తరం ఇంటెల్ నుంచి వచ్చిన ల్యాప్‌టాప్‌లు కొన్నిట్లో ఇంకో తిరకాసుంది. విండోస్ ఇన్‌స్టాల్ చేయబోతే డ్రైవ్‌లే లేవంటుంది. వీఎండీ అనే సెట్టింగ్ ఆన్‌లో ఉండటమే కారణం. ఇంటెల్ డ్రైవర్ని పెన్‌డ్రైవ్‌లో వేసి అక్కడే లోడ్ చేస్తే డ్రైవ్ ప్రత్యక్షం.

సరే, అసలు గొడవ మొదలైంది ర్యామ్‌తో కదా. 2400 స్పీడ్ స్టిక్ పక్కన 3200 పెడితే రెండూ 2400లోనే నడుస్తాయి, నష్టం లేదు. 4 జీబీ పక్కన 8 జీబీ కూడా చాలా బోర్డుల్లో నడుస్తుంది. పేచీ వచ్చేది టైమింగ్స్, వోల్టేజ్ కలవనప్పుడు. డీడీఆర్3కి 1.5 వోల్టులు, డీడీఆర్3ఎల్ 1.35తోనూ నడుస్తుంది. 1.35 మాత్రమే ఇచ్చే ల్యాప్‌టాప్‌లో మామూలు డీడీఆర్3 పెడితే స్క్రీనే రాకపోవచ్చు. ఎక్స్ఎంపీ ఆన్ చేసి ఉంటే ముందు ఆపేయండి.

స్క్రీన్ రాకపోవడం నయం, వెంటనే తెలిసిపోతుంది. బూట్ అయ్యి, అప్పుడప్పుడు తప్పులు చేసే ర్యామ్ ప్రమాదకరం. క్రోమ్ ట్యాబ్‌లు క్రాష్ అవుతాయి, జిప్ ఫైల్స్ తెరుచుకోవు, చెడిన డేటానే డిస్క్‌లో సేవ్ అవుతుంది. పాపం, నింద మళ్లీ డిస్క్ మీదే. ఒక్కో స్టిక్‌నే పెట్టి, మెమ్‌టెస్ట్86ని రాత్రంతా నడపండి. ఒక్క ఎర్రర్ వచ్చినా ఆ స్టిక్ వద్దు. విడివిడిగా పాసై, కలిపితే ఫెయిలైతే అవి జోడీ కుదరని స్టిక్స్. అన్నట్టు, మన దగ్గర అందరూ చెప్పే ఎరేజర్ చిట్కా ఉత్తుత్తిది కాదు. బంగారు రంగు కాంటాక్టుల మీద మురికి పట్టినప్పుడు నిజంగానే పనిచేస్తుంది. స్విచ్ ఆపి, ప్లగ్ పీకాకే సుమా.

మళ్లీ సీటీసీకి వెళ్లేముందు పాత స్టిక్ లేబుల్‌ని ఫొటో తీసుకోండి. వీలైతే స్టిక్‌నే జేబులో వేసుకెళ్లండి. పాతదాంతో కుదరకపోతే మార్చిస్తారా, ఎన్ని రోజుల్లోపు అని డబ్బులివ్వక ముందే అడిగి, ఆ మాట బిల్లు మీద రాయించుకోండి.