నాల్గు స్వరములతో రాగమగునా?

పూర్వపక్షమును సాంతముగా విన్నపిమ్మటనే సిద్ధాంతము చెప్పవలెనను నియమము మన శాస్త్రములన్నింటికిని ప్రాణము. ఆ ఓర్పు సంగీతాభిమానులకు కూడ అబ్బవలెనని నా కోరిక.

మంగళంపల్లి బాలమురళీకృష్ణగారు మహతి, లవంగి మొదలగు నాల్గుస్వరముల రాగములను కల్పించినప్పుడు, ఆ నూతనసృష్టిని వీణావిద్వాంసులు ఎస్. బాలచందర్‌గారు బహిరంగముగనే ప్రశ్నించిరి. ఐదు స్వరములకు తగ్గినది రాగము కానేరదను పాతమాట ఉండనేయున్నది. మా అభిమాన గాయకుని ఆక్షేపించుటయా యని నేనును అలిగినవాడనే. మనకు ప్రియమైన గానము మన జ్ఞాపకములతో పెనవేసుకొనియుండుటచే, దానినన్నమాట మన ఇంటివారినన్నట్లే తోచును. అందుచేత ప్రశ్నకు బదులు చెప్పుట మాని, అడిగినవానికి అసూయ యంటగట్టుదుము. గాయకుని శీలమును దూషించు మాటను విడిచిపెట్టవచ్చును గాని, స్వరమును గూర్చిన ప్రశ్నకు చెవి యొగ్గక తప్పదు.

కొంతకాలమునకు కోపముడిగి, ఆ ప్రశ్నను చెవిలో నుంచుకొనియే మహతిని మరల వింటిని. షడ్జము, అంతరగాంధారము, పంచమము, కైశికి నిషాదము, అంతే. పాశ్చాత్యులు డామినెంట్ సెవెంత్ అని ఒక్కమారుగా మ్రోగించు స్వరగుచ్ఛము కూడ ఇదే. గాంధారమునుండి పంచమమునకు పోవునపుడు నడుమ మధ్యమము లేదు. పంచమము దాటి నిషాదమందుకొనునపుడు ధైవతము లేదు. ఆ ఎడములను గాయకుడు గమకముతో ఎట్లు దాటుచున్నాడో, ఎచ్చట నిలుచుచున్నాడో అంతకుమున్ను నేనెన్నడును గమనింపలేదు. 1975లో వచ్చిన ‘అపూర్వ రాగంగళ్’ తమిళచిత్రమున ఎం.ఎస్. విశ్వనాథన్‌గారు ఇదే రాగమున ఏసుదాసుచే పాడించిన పాట జనుల నోళ్లలో నానినది గదా! కనుక మహతికి స్వరూపము కలదనియే నా తీర్పు. అయినను, తోడిరాగమువలె గంటసేపు ఆలాపనను మోయగలదని మాత్రము నేననజాలను. ఈ రెండవమాట నాచే ననిపించినది ఆ ఆక్షేపణయే, దానివలన బాలమురళిగారిపై నా ప్రేమ రవంతయు తగ్గలేదు.

పాఠకులారా, మీకత్యంత ప్రియమైన కచేరీని గూర్చి ఎవరేని కఠినముగా వ్రాసినచో, జవాబు వ్రాయుటకు ముందు ఆ కచేరీని ఒక్కసారి, వారు తప్పుపట్టిన చోట ఆగి, మరల వినుడు.