టీకామందు - ఫోనులో వచ్చు వార్త

2017వ సంవత్సరము ఫిబ్రవరిలో మన బడిపిల్లలకు తట్టు, రుబెల్లా టీకా వేసిన సంగతి తల్లిదండ్రులలో పలువురకు జ్ఞాపకముండును. తొమ్మిది నెలలు మొదలు పదునైదేండ్లలోపు వారికెల్ల ఈ సూది వేయుటకు కేంద్ర ప్రభుత్వము పూనుకొని, మొదటి విడతకు కర్ణాటకము, తమిళనాడు, పుదుచ్చేరి, గోవా, లక్షద్వీపములను ఎన్నుకొన్నది. పుదుచ్చేరిలో యానాము చేరియున్నది గదా! అందుచే ఇది మనవారిలో అనేకులకు స్వానుభవమే.

తట్టు టీకా క్రొత్తది కాదు. 1985 నుండియు ప్రభుత్వ కార్యక్రమమున ఉన్నదే. రుబెల్లా గర్భిణికి సోకినచో పుట్టు బిడ్డకు చెవుడు, కంటిపొర, గుండెజబ్బు కలుగవచ్చును గనుక ఆ మందును దీనితో చేర్చిరి. అయినను ఇది ప్రమాదకరమని చెప్పు వార్తలు తమిళనాట వాట్సాప్‌లో ఇల్లిల్లు తిరిగినవి. ఫిబ్రవరితో ముగియవలసిన పనిని మార్చిలోనికి పొడిగింపవలసివచ్చినది.

చదువుకొన్నవారు సైతము ఏల నమ్మిరి? పూర్వము ఫలానా వైద్యుని హస్తవాసి మంచిదని పొరుగువారు చెప్పినచో, చెప్పిన మనిషి ఎట్టివాడో మనకు తెలియును. ఫోనులో వచ్చు వార్తను మొదట వ్రాసినవాడెవడో తెలియదు; పంపినవారు మాత్రము మన బావగారో, పిన్నిగారో. వారిపైగల నమ్మకము ఆ వార్తకు అంటుకొనును. 2018లో వాట్సాప్ సంస్థ మనదేశమున ఒక వార్తను ఒక్కసారి ఐదు చోట్లకు మించి పంపరాదని కట్టడి చేసినది గాని, బావగారి ఉత్సాహమునకు కట్టడి ఎవరు చేయగలరు?

మరియు, సూదికై వరుసలో నిలిచిన పిల్ల భయముచేతనో, ఖాళీ కడుపుచేతనో సొమ్మసిల్లుట వైద్యులెరిగినదే. ఒకరిని చూచి మరొకరు పడిపోవుటయు కలదు. ఆ దృశ్యమును ఎవరైన ఫోనులో పట్టినచో అది ఊరూర తిరుగును. తట్టు రాకుండ తప్పించుకొన్న పిల్లవానికి దృశ్యమేమున్నది? వాడు ఎప్పటివలె బడికి పోయి ఆటలాడుకొనుచుండును.

ఇంగ్లండులో ఇంతకంటె పెద్ద అలజడి జరిగినది. 1998లో లాన్సెట్ అను వైద్యపత్రికలో పన్నెండుగురు పిల్లలను గూర్చి వేక్‌ఫీల్డు మున్నగువారు వ్రాసిన వ్యాసము, తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా టీకాకును ఆటిజమునకును సంబంధము కలదేమో యను శంక రేపినది. తరువాతి పరిశోధనలలో అట్టి సంబంధము కనబడలేదు. 2010లో ఆ పత్రికయే వ్యాసమును ఉపసంహరించినది. శంక మాత్రము నేటికిని ఫోనులలో బ్రతికియున్నది.

తప్పంతయు ఫోనుదే యనుట న్యాయము కాదు. ఆ ఫిబ్రవరిలో మా పేటలోని ఒక పాఠశాలవారు ఇండ్లకు పంపిన చీటీ రాష్ట్రభాషలోను ఆంగ్లములోను ఉన్నది. తెలుగు మాత్రమే చదువనేర్చిన ఒక తల్లికి అది నల్లగీతలే. వదంతియో, ఆమె చెవికి చక్కని తెలుగులో వచ్చినది! ఆమె దేనిని నమ్మును?

ఆసుపత్రులకు అంతర్జాలమున జనులిచ్చు నక్షత్రపు గుర్తులును కొంతవరకు ఇట్టివే. ఎంతసేపు కూర్చుండబెట్టిరి, నర్సు ఎట్లు మాటాడినది అన్నది వానివలన తెలియును, అవియు తెలియదగినవే. కాని టీకామందును రెండు నుండి ఎనిమిది డిగ్రీల చల్లదనమున ఉంచిరా, కలిపిన నాలుగు గంటలకు మిగిలినదానిని పారవేసిరా అన్నది నక్షత్రములు చెప్పవు. అడిగి తెలిసికొనవలసినదే. మందు కలిపిన వేళను సీసాపై వ్రాయుట నియమము. సూది వేసిన పిమ్మట పిల్లను అరగంటసేపు అచ్చటనే ఉంచవలెను. వారము పది దినములకు కొద్ది జ్వరము, దద్దురు రావచ్చునని ముందుగనే చెప్పవలెను.

మార్చిలో టీకావారు మరల వచ్చినపుడు ఒక ఉపాధ్యాయిని ఆ తల్లికి చీటీని తెలుగున చదివి వినిపించినది. ఆమె సీసాపై వేళ చూపుమని నర్సునడిగినది. నర్సు కోపగింపక చూపినది. పిల్ల ఇంటివద్ద ఇడ్లీలు తినియే వచ్చినది గాన వరుసలో కులాసాగ నిలిచి సూది వేయించుకొన్నది.