థర్మల్ కేంద్రాల పొగ నుంచి జిప్సం: వేరుశనగ రైతులు తెలుసుకోవలసిన లెక్క

వేరుశనగలో తాలు కాయలు తగ్గాలంటే ఎకరాకు 200 కిలోల జిప్సం వేయాలని మీకు తెలుసు. గనుల జిప్సంతో పాటు థర్మల్ విద్యుత్ కేంద్రాల్లో తయారయ్యే జిప్సం కూడా ఉంది. పొగ నుంచి వచ్చిన దాన్ని పొలంలో వేయవచ్చా అన్న సందేహం సహజమే. అదెలా తయారవుతుందో తెలిస్తే కొనేటప్పుడు ఏం అడగాలో కూడా తెలుస్తుంది.

ఎలా తయారవుతుంది?

బొగ్గులోని గంధకం మండి సల్ఫర్ డయాక్సైడ్ వాయువుగా మారుతుంది. ఆమ్ల వర్షాలకు ఇదొక ముఖ్య కారణం. అందుకే కొన్ని కేంద్రాల్లో సున్నపురాయి పొడిని నీటిలో కలిపి పొగపై చిమ్ముతారు. వాయువు అందులో కలిశాక గాలి ఊదితే జిప్సం ఏర్పడుతుంది.

లెక్క ఇదీ

64 కిలోల వాయువును పట్టడానికి 100 కిలోల స్వచ్ఛమైన సున్నపురాయి కావాలి. 172 కిలోల జిప్సం వస్తుంది. ఉదాహరణకు, 0.5 శాతం గంధకమున్న 1000 టన్నుల బొగ్గు మండితే సుమారు 10 టన్నుల వాయువు వస్తుంది. అందులో 95 శాతం పట్టుకుంటే 14.8 టన్నుల సున్నపురాయి ఖర్చయి, 25.5 టన్నుల జిప్సం తయారవుతుంది. ఇది సుమారు 127 ఎకరాల వేరుశనగకు సరిపోతుంది.

ఇది కాగితం మీది లెక్క. ఆ ద్రావణం ఉదజని సూచికను 5-6 మధ్య ఉంచాలి. పెరిగితే సున్నపురాయి కరగకుండా జిప్సంలోనే మిగిలిపోతుంది. తగ్గితే వాయువు సరిగా పట్టదు. గాలి చాలకపోతే కాల్షియం సల్ఫైట్ మిగులుతుంది. కాబట్టి నాణ్యత అన్నిచోట్లా ఒకేలా ఉండదు.

కొనే ముందు

• జిప్సం శాతం, తేమ, సల్ఫైట్, భార లోహాల వివరాలున్న పరీక్ష పత్రం అడగండి.
• తేమ 10 శాతం ఉంటే 200 కిలోల్లో అసలు సరుకు 180 కిలోలే. అప్పుడు ఎకరాకు సుమారు 222 కిలోలు వేయాలి. ధరను కూడా ఈ లెక్కనే బేరమాడండి.
• థర్మల్ బూడిద వేరు, జిప్సం వేరు. ఒకటనుకుని మోసపోవద్దు.

ఎలా వేయాలి?

వేరుశనగ కాయ తనకు కావలసిన కాల్షియాన్ని చాలావరకు చుట్టూ ఉన్న మట్టి నుంచే నేరుగా తీసుకుంటుంది. అందుకే ఊడలు దిగే దశలో మొక్కల మొదళ్ల దగ్గర చాళ్లలో వేసి, మట్టి ఎగదోయాలి. నేలలో తేమ తప్పనిసరి. ఊడలు దిగాక కలుపు తీతలు, అంతరకృషి చేయవద్దు.

జిప్సం సున్నం కాదు, ఆమ్ల నేలలను సరిచేయదు. కారు చౌడుకు మాత్రం పనికొస్తుంది. మోతాదును భూసార పరీక్ష ఫలితాన్ని బట్టి మీ మండల వ్యవసాయ అధికారిని అడిగి నిర్ణయించుకోండి.