చక్రం ఎందుకు వణుకుతుంది?

వేగంగా పోతున్న కారు స్టీరింగు చేతుల్లో గజగజలాడితే రోడ్డు బాగాలేదని సరిపెట్టుకొంటాం. నున్నటి తారురోడ్డు మీద కూడా ఆ వణుకు వస్తే మాత్రం చక్రాన్ని అనుమానించాలి. చక్రంలో దోషం ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి, ఒక పక్క బరువెక్కువ కావటం. రెండవది, వంకర పోవటం. రెండూ వణుకుగానే తెలుస్తాయి గాని, వాటికి మందు వేరు.

మా నాన్న ఒకసారి అడిగాడు: "మన ఎడ్లబండి చక్రం బెత్తెడు ఊగుతున్నా ఏళ్ళ తరబడి నడిచింది. కారు చక్రానికి చిటికెడు సీసం లేకపోతే ఏం మునిగిందిరా?" ప్రశ్న న్యాయమైనదే. జవాబు మనం ఇంటర్మీడియెట్‌లో చదువుకొన్న అపకేంద్ర బలంలో ఉంది. ఆ బలం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 15 అంగుళాల రిమ్ము అంచున ఒకచోట 30 గ్రాములు ఎక్కువ ఉన్నాయనుకొందాం. గంటకు 40 కిలోమీటర్ల వేగంలో అవి చక్రాన్ని సుమారు 660 గ్రాముల బరువంత బలంతో బయటికి లాగుతాయి. 80 కిలోమీటర్ల వేగంలో ఆ బలం రెట్టింపు కాదు, నాలుగు రెట్లవుతుంది. అంటే రెండున్నర కిలోలు దాటిందన్నమాట! సెకనుకు పదిసార్లు చక్రాన్ని పైకీ కిందికీ గుంజుతుంది. ఎద్దులు నడిచేది గంటకు 4 కిలోమీటర్లు. వేగం 20వ వంతు కనుక, చక్రం అంతే ఉన్నా బలం 400వ వంతే.

చక్రాలు సరిచూసే యంత్రం ఇప్పుడు పట్నాల్లో ప్రతి టైర్ల షాపులోనూ ఉంది. కాని మా ఊళ్ళో అర్ధరాత్రి పురిటినొప్పులొచ్చినా, పాము కరిచినా ఆసుపత్రికి బయల్దేరేది ఒక పాత అంబాసిడరే. 2014లో దాని తయారీ ఆగిపోయింది గాని దాని పని ఆగలేదు. అలాంటి బండిని ఇంటి దగ్గరే పరీక్షించటం ఎలాగో చెబుతాను.

మొదట రిమ్ము లోపలి వైపు కడగాలి. ఎండి గట్టిపడిన రేగడిమట్టి ఒక్కటే చాలు, చక్రాన్ని వణికించటానికి. తరువాత వెనుక చక్రాలకు రాళ్ళు అడ్డంపెట్టి ముందు చక్రాన్ని జాకీతో లేపాలి. జాకీని నమ్ముకోకుండా గట్టి స్టాండు కూడా పెట్టాలి. చక్రాన్ని పైనా కిందా పట్టుకొని ఊపి చూడండి. లొడలొడలాడితే బేరింగు గాని, కీళ్ళు గాని అరిగాయన్నమాట.

వంకర చూడటానికి ఒక పుల్లను కదలకుండా నిలబెట్టి, దాని కొన రిమ్ము అంచుకు దగ్గరగా ఉంచి చక్రం తిప్పాలి. సందు పెరుగుతూ తరుగుతూ ఉంటే ఆ తేడాయే వంకర. ఒక మిల్లీమీటరు దాకా భయం లేదు. అంతకుమించి ఉంటే చక్రాన్ని రెండో వైపు హబ్బుకు మార్చి చూడాలి. వంకర చక్రంతోపాటు వెళితే తప్పు రిమ్ముది, అక్కడే ఉండిపోతే హబ్బుది. రిమ్ము సరిగా ఉండి టైరు మాత్రమే ఊగితే టైరును చూపించుకోవాలి.

ఇక బరువు సంగతి. అంబాసిడరుకు ఇంజను తిప్పేది వెనుక చక్రాలను. కాబట్టి ముందు చక్రం, బ్రేకు పట్టకపోతే, స్వేచ్ఛగా తిరుగుతుంది. మెల్లగా తిప్పి వదలండి. ప్రతిసారీ ఒకే చోటు కిందికి వచ్చి ఆగితే అక్కడ బరువెక్కువ. దానికి సరిగ్గా ఎదురుగా, పై అంచున, కొంచెం తడి బంకమట్టి అంటించండి. ఎక్కడ వదిలినా అక్కడే ఆగేవరకు మట్టిని కలుపుతూ, తీస్తూ పోవాలి. ఆ మట్టి ఆరకముందే తూచి, అంతే బరువు సీసం ముక్కను అదే చోట బిగించాలి. ముందు చక్రాలనే ఇంజను తిప్పే నేటి కార్లలో ఇరుసు పట్టు వల్ల ఈ పద్ధతి అంత నమ్మకంగా పనిచెయ్యదు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. లోపలి అంచున ఒకచోట, బయటి అంచున దానికి ఎదురుగా మరొకచోట సమానమైన బరువులున్నాయనుకోండి. నిలిచి ఉన్నప్పుడు చక్రం తూకంగానే కనిపిస్తుంది. వేగంగా తిరిగేటప్పుడు ఆ రెండూ చెరో పక్కకు లాగి చక్రాన్ని అటూ ఇటూ ఊపుతాయి. దీన్ని తిప్పి చూసే యంత్రమే పట్టుకోగలదు. కనుక ఇంట్లో సరిచేసినా వణుకు పోకపోతే పట్నం తీసుకుపోక తప్పదు. చక్రం లొడలొడలాడినా, నట్లు వదులైనా మాత్రం సీసంతో పనిలేదు. బాగుచేయించేదాకా ఆ కారును రోడ్డెక్కించకూడదు.