బుర్రకథ దళము

ఊరి నడుమ నాలుగు బల్లలు జతపరచి కట్టిన వేదిక. దానికి ఇరువైపుల రెండు పెట్రోమాక్సు దీపములు. తలపాగాలు చుట్టి, పొడవైన అంగరఖాలు తొడిగి, కాళ్లకు గజ్జెలు కట్టిన ముగ్గురు వ్యక్తులు ఆ వేదికపై నిలువగనే, అంతవరకు గోలచేయుచున్న పిల్లలు సైతము నోరు మూసికొందురు. నడుమ నున్నవాని భుజముపై తంబుర. అతని కుడిచేతి వ్రేలికి లోహపు అందె. ఇరుప్రక్కల నున్న వారి చేతులలో గుమ్మెటలు. అందె మ్రోగును, గుమ్మెట పలుకును, "తందాన తాన" యని వంతలు అందుకొందురు. ఇదియే బుర్రకథ.

విద్యార్థులారా! ఆంగ్లదేశమున లివర్‌పూల్ నగరమునందు 1960లో ఏర్పడిన 'బీటిల్స్' అను బృందమును గూర్చి మీరు వినియుందురు. నలుగురు యువకులు, మూడు గిటారులు, ఒక జత డోళ్లు: ఇంతమాత్రముతో వారు ఒక తరము చెవులను తమవైపు త్రిప్పుకొనిరి. 1970లో విడిపోయిరి. అంతకు ఇరువది యేండ్లకు పూర్వమే మన కృష్ణాతీరమున ముగ్గురేసి మనుజులు, చాలచోట్ల మైకైనను లేకయే, వేలాది జనులను తెల్లవారువరకు కూర్చుండబెట్టిరి. వారి చరిత్ర మన పిల్లలకు ఆ లివర్‌పూల్ వారి చరిత్ర తెలిసినంతగా తెలియదు.

బుర్రకథకు మూలము జంగము కథ. శైవభిక్షువులైన జంగములు ఊరూర తిరుగుచు వీరగాథలను, శివభక్తుల కథలను పాడుచుండెడివారు. వారి ఇంటి స్త్రీలే వెనుక నిలిచి వంత పాడుచుండిరి. తందాన పదము పల్లవిగా వచ్చుటచే దీనికి తందాన కథ యనియు పేరు గలదు. 'బుర్ర' యను పేరు తంబుర కాయను బట్టి వచ్చినదని కొందరును, గుమ్మెట ఆకృతిని బట్టి వచ్చినదని కొందరును చెప్పుదురు. పేరెట్లు వచ్చిననేమి, వాద్యము మాత్రము చవుకైనది, మోయుటకు తేలికైనది. పొలముగట్లపై నడచిపోవు కళాకారునకు ఇది చిన్న విషయము కాదు.

దళములో ముగ్గురికిని మూడు పనులు గలవు. నడిమివాడు కథకుడు. పాటయు, వచనమును, అడుగులును అతనివే. వంతలలో ఒకడు హాస్యగాడు. కథ బరువెక్కినపుడు నవ్వించి శ్రోతల అలసట తీర్చుట అతని వంతు. రెండవ వానిది 'రాజకీయము'. ఈ మాటకు ఎన్నికల గొడవ అని అర్థము చెప్పుకొనరాదు. పాతకథను నేటి లోకముతో ముడివేయుట అతని పని. పల్నాటి యుద్ధములో అన్నదమ్ములు పోరాడుచుండగా అతడు కథను ఆపి, "మన ఊళ్లో గట్టు తగాదాలు మాత్రం తక్కువా అన్నా?" యని ప్రశ్నించును. నా తలంపులో బుర్రకథకు ప్రాణము ఈ మూడవవాడే. అతడు లేనిచో అది హరికథకు చెల్లెలుగా మిగిలిపోయెడిది.

ఈ పాత రూపము క్రొత్త బలము పుంజుకొనినది 1940 తరువాత. 1943లో ప్రజానాట్యమండలి వెలసినది. డాక్టరు గరికపాటి రాజారావు దాని నిర్మాతలలో ముఖ్యుడు. కమ్యూనిస్టు ఉద్యమముతో సంబంధము గల ఈ సంస్థకు విజయవాడయు, కృష్ణా గుంటూరు మండలములును ఆటపట్టులు. కృష్ణా జిల్లాకు చెందిన సుంకర సత్యనారాయణ 'కష్టజీవి' మున్నగు బుర్రకథలను రచించెను. దేవతలకు, రాజులకు మారుగా కూలివాడు కథానాయకుడయ్యెను. ఆ యేటనే వంగదేశమున ఘోరమైన కరవు వచ్చి లక్షలాది ప్రజలు ఆకలికి బలియైరి. వరి పండించు డెల్టా రైతునకు అన్నము లేని దేశమును కన్నులకు కట్టించుట సులభము కాదు. ఆ పనిని బుర్రకథ చేసినది.

ఆ కథ చెప్పినవారిలో అగ్రగణ్యుడు షేక్ నాజర్. ఇతడు 1920లో గుంటూరు జిల్లా పొన్నెకల్లు గ్రామమున, దూదేకుల వారి పేద కుటుంబమున జన్మించెను. బాల్యముననే నాటకములలో వేషములు వేసెను. నరసరావుపేటలో సంగీతము నభ్యసించెను. పొట్టకూటికై దర్జీపని చేసెను. శాస్త్రీయ సంగీతము తెలిసిన కంఠము జానపద వాద్యముతో కలిసినపుడు ఏమగునో నాజరు చూపించెను. పల్నాటి యుద్ధము, బొబ్బిలి యుద్ధము, అల్లూరి సీతారామరాజు, వంగదేశపు కరవు ఇతని ప్రసిద్ధ కథలు.

ఆ దినములలో స్త్రీలు రంగస్థల మెక్కుటయే అరుదు. స్త్రీ పాత్రలను సైతము పురుషులే ధరించుచుండిరి. అట్టి కాలమున మోటూరి ఉదయము మహిళా బుర్రకథ దళమును నిలిపి, ఊరూర కథలు చెప్పెను. ఒకనాడు జంగము వెనుక నిలిచి వంత పాడిన స్త్రీ ఇప్పుడు ముందునకు వచ్చి తంబుర అందుకొనినది.

జనులు మెచ్చిన కళను ప్రభుత్వములు మెచ్చవలెనని లేదు. మదరాసు ప్రభుత్వమును, నిజాము ప్రభుత్వమును బుర్రకథను నిషేధించినవి. సుంకర, వాసిరెడ్డి భాస్కరరావు కలిసి 1947లో వెలువరించిన 'మా భూమి' నాటకమునకును మదరాసు రాష్ట్రమున అదియే గతి పట్టినది. 1948 నుండి నిర్బంధము మరింత పెరిగి దళములు చెల్లాచెదరైనవి. తంబురయు, రెండు గుమ్మెటలును చూచి దొరతనము భయపడినదనిన నేడు నవ్వు వచ్చును. అయినను చదువురాని వానికి అదియే వార్తాపత్రిక యని మరువరాదు.

చిత్రమేమనగా, కొలది కాలములోనే ఆ కళకు పెద్దల వాకిళ్లు తెరచుకొనినవి. 1948 డిసెంబరు 1న ప్రారంభమైన విజయవాడ ఆకాశవాణి కేంద్రము బుర్రకథలను ఇంటింటికి చేర్చినది. 1954లో వచ్చిన 'అగ్గిరాముడు' చలనచిత్రమున నాజరు దళము చెప్పిన అల్లూరి కథను జనులు చిత్రముకంటె ఎక్కువగా చెప్పుకొనిరి. తరువాత ప్రభుత్వమే కుటుంబ నియంత్రణమునకు, అక్షరాస్యతకు ఈ దళములను పిలిచి ప్రచారము చేయించుకొనెను. నాజరునకు 1986లో పద్మశ్రీ బిరుదము లభించినది. ఆయన తన ఆత్మకథకు 'పింజారి' యను పేరే ఉంచుకొనెను. 1997లో మరణించెను.

నేను ప్రధానోపాధ్యాయుడనై యున్న కాలమున ఒక వార్షికోత్సవమునకు ముగ్గురు బాలురచే అల్లూరి కథ చెప్పించితిని. మన్యమున బాటలు వేయించి అధికారులు కూలి ఎగగొట్టిన ఘట్టము వచ్చినది. రాజకీయపు వంతగా నిలిచిన బాలుడు గుమ్మెట ఆపి, "అది సరే అన్నా, మన బడి నూతికి గిలక ఎప్పుడు వేయిస్తారంట?" అనెను. ఆ మాటను నేను అభ్యాసమునాడే కొట్టివేసి, వద్దని గట్టిగా చెప్పియుంటిని. సభలోని తల్లిదండ్రులు చప్పట్లు చరచిరి. ముందు వరుసలో కూర్చున్న నేను తలవంచుకొంటిని. సోమవారమునాడు నూతికి గిలక వచ్చినది.