దాచుట వేరు, కాచుట వేరు

మూడు పరీక్షనాళికలలో మూడు ఇనుప మేకులు వేసి చేసే ప్రయోగం ప్రతి విద్యార్థికీ పరిచితమే. గాలి, నీరు రెండూ తగిలిన మేకు తుప్పు పడుతుంది. మరగించిన నీటిలో ఉంచి, పైన నూనె పొరతో గాలిని ఆపిన మేకూ, పొడిగాలిలో ఉంచిన మేకూ నిగనిగలాడుతూనే ఉంటవి. ఇంత చిన్న పాఠాన్ని మరచినందువలననే ఎన్నో పాత మోటారుకార్లు ఇంటి షెడ్డులోనే మట్టిపాలవుతున్నవి.

అంబాసిడర్ కారు నిర్మాణం ఉత్తరపారా కర్మాగారంలో 2014లో ఆగిపోయింది. అట్టి బండి చెడితే దాని స్థానంలోకి కొత్తది రాదు. తండ్రి నడిపిన కారును కొడుకు ఆ భయంతోనే నిలువునా ప్లాస్టిక్ పట్టాతో కప్పి, షెడ్డుకు తాళం వేసి నిశ్చింతగా ఉంటాడు. అపాయం అక్కడే ఆరంభమవుతుంది.

విశాఖపట్నం, మచిలీపట్నం వంటి తీరపట్టణాలలో గాలియే తేమను మోసుకొని వస్తుంది. సముద్రపు ఉప్పు దానికి తోడవుతుంది. గాలిలోని సాపేక్ష ఆర్ద్రత సుమారు 60 శాతం దాటితే తుప్పు వేగం హెచ్చుతుంది. ఉప్పు అంటిన లోహానికి అంత తేమ కూడ అక్కరలేదు. రాత్రి చల్లబడిన ఇనుము ఉదయపు తేమగాలి సోకగానే చెమరుస్తుంది. ప్లాస్టిక్ క్రింద చిక్కిన ఆ చెమటకు ఆరే దారి లేదు.

అల్యూమినియంపై ఏర్పడే పొర ఆ లోహానికి కవచమవుతుంది. తుప్పు అటువంటిది కాదు. అది గుల్లగా ఉండి, క్రింది ఇనుమునకు మరింత తేమను అందిస్తుంది. తలుపుల అడుగుభాగాలు, నేలరేకులు ముందుగా దానికి ఆహుతి అవుతవి. పైన పటారం, లోన లొటారం అన్న మాట అట్టి కారుకు అక్షరాలా తగును.

అప్పుడప్పుడు ఇంజనును రెండు నిమిషాలు తిప్పితే చాలుననుట మరొక భ్రమ. ఒక లీటరు పెట్రోలు మండితే సుమారు ఒక లీటరు నీరు ఆవిరిగా పుడుతుంది. పొగగొట్టం బాగా వేడెక్కకముందే ఇంజను ఆపితే ఆ ఆవిరి సైలెన్సరులో నీరై నిలుస్తుంది. నడిపిన నాడు అరగంటసేపు రోడ్డుపై నడపవలెను. లేనిచో ముట్టకుండుటే మేలు.

ఇక చేయవలసినది కష్టమేమీ కాదు. కారును అడుగుభాగంతో సహా మంచినీటితో కడిగి, పూర్తిగా ఆరనీయవలెను. తలుపుల అడుగున నీరు పోయే రంధ్రాలలో చిక్కిన ఆకులను, మట్టిని తీసివేయవలెను. లోపలి గుల్లభాగాలకు మైనపు పూత పట్టించవలెను. ప్లాస్టిక్ పట్టాకు తగిన చోటు కారుపైన కాదు, కారు క్రింద. నేలలోని చెమ్మను అది ఆపుతుంది. పైన గాలి ఆడే నూలుగుడ్డ చాలును. గట్టిగా మూయగలిగిన గదిలో తేమను పీల్చే యంత్రాన్ని ఉంచి, ఆర్ద్రతను 50 శాతం దగ్గర నిలపడం ఉత్తమం. ఆ స్తోమత లేనివారు సీట్లక్రింద సిలికాజెల్ సంచులు ఉంచవచ్చును. తేమతో నిండిన గింజలను వేడిచేసి మరల వాడుకొనవచ్చును. అన్నిటికంటె ముఖ్యం నెలకొకసారి ముసుగు తీసి, దీపం పట్టుకొని వంగి చూడడం.

ఉపాధ్యాయుడు ఈసారి ఆ మూడు నాళికలను విద్యార్థుల ముందుంచినప్పుడు, ఊరిలో తాళం వేసిన షెడ్డును నాలుగవ నాళికగా చూపవచ్చును. అందులోని మేకు మాత్రం ఒక కుటుంబం జ్ఞాపకం.