ఊపిరి కండరములకు సాధన

మనము నిద్రించుచున్నను మేల్కొనియున్నను విశ్రాంతి లేక పనిచేయు కండరములు మన దేహమున రెండు తావుల గలవు. మొదటిది గుండె, రెండవది ఊపిరిని నడపు కండరముల సమూహము. గుండె కొట్టుకొనుట చేతికి తెలియును గనుక దానిని గూర్చి అందఱును తలంతురు. ఊపిరి కండరములను గూర్చి మాత్రము అవి అలసిపోవువఱకు ఎవరును తలంపరు. ఊరక కూర్చున్న మనుష్యుడు నిమిషమునకు 12 మొదలు 20 పర్యాయములు ఊపిరి తీయును. ఆ లెక్కను దినమునకు ఇంచుమించు 20,000 పర్యాయములు ఈ కండరములు బిగిసి సడలవలయును. ఈ పనికి సెలవు దినము లేదు. అట్టి కండరములే రోగమువలన క్షీణించినయెడల ఏమగును? సాధనచేత వాని బలమును నిలుపుట సాధ్యమా? చెవిటికల్లు మొదలు నందిగామ, జగ్గయ్యపేటల వఱకు గల మన మెట్టపల్లెల విద్యార్థులకును, వారి తలిదండ్రులకును తెలియునట్లు ఈ విషయమును వివరింప యత్నించుచున్నాము.

ఊపిరితిత్తులకు తమంతట తాము గాలిని పీల్చు శక్తి లేదు. కమ్మరి కొలిమివద్ద తిత్తిని చూచినవారికి ఈ సంగతి సులభముగా బోధపడును. ఎవరైన తిత్తిని పైకెత్తినప్పుడు లోపల చోటు పెరిగి, గాలి వచ్చి చేరును. ఎత్తువారు లేనిచో తిత్తి ఊరక పడియుండును. మన ఱొమ్మునందు ఆ ఎత్తుపని చేయునది ముఖ్యముగా ఉదరవితానము. ఇది ఱొమ్మునకును కడుపునకును నడుమ, బోర్లించిన మూకుడువలె నుండు పలుచని కండరము. ఇది బిగిసినప్పుడు చదునై క్రిందికి దిగును. అప్పుడు ఱొమ్మున చోటు పెరిగి గాలి లోనికి వచ్చును. ప్రక్కటెముకల నడుమనున్న కండరములు దీనికి తోడ్పడును. నెమ్మదిగా ఊపిరి విడుచుటకు శ్రమ అక్కఱలేదు. కండరము సడలినంతనే గాలి వెలువడును. కాని దగ్గుటకును, బిగ్గరగా పిలుచుటకును, కీర్తన పాడుటకును కడుపు కండరములు గట్టిగా నొక్కవలయును.

ఇందొక విశేషము గలదు. గుండె కండరము వేఱు జాతిది. ఉదరవితానమో, కాళ్లుచేతుల కండరముల జాతికి చెందినది. అందుచేత కాళ్లుచేతులను క్షీణింపజేయు వ్యాధులలో అనేకములు దీనిని గూడ విడువవు. అదే కారణమున, కాళ్లుచేతుల కండరమువలెనే ఇదియు తగిన సాధనచే బలపడగలదు. ఆరోగ్యవంతులయందు ఇట్లు జరుగునని అమెరికాయందలి లీత్, బ్రాడ్లీ అను పరిశోధకులు 1976 లో చూపిరి. రోగులయందు ఎంతవఱకు జరుగునన్నదే ఇప్పటి ప్రశ్న.

ఆ ప్రశ్నకు ఉదాహరణముగా పాంపే వ్యాధి అను అరుదైన కండరవ్యాధిని తీసికొందము. కండరము పనిచేయుటకు ఇంధనము కావలయును. మన తెలుగువారైన యల్లాప్రగడ సుబ్బారావుగారు (1895–1948) హార్వర్డు విశ్వవిద్యాలయమున ఫిస్కే పండితునితో కలిసి, 1927 లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929 లో ఏ.టి.పి.ని కండరమునందు కనుగొని, ఆ ఇంధనపు లెక్క మనకు తెలియుటకు దారి తీసిరి. కండరమున నిలువయుండు మఱియొక ఇంధనము గ్లైకోజెన్. ఇది చక్కెర అణువుల గొలుసు. కణములందు లైసోసోములను చిన్న సంచులు గలవు. వానిలోని ఒక ఎంజైము ఆ సంచులలో చేరిన గ్లైకోజెన్‌ను విఱిచి చక్కెరగా మార్చును. పుట్టుకతోనే ఆ ఎంజైము కొఱతపడినవారికి గ్లైకోజెన్ విఱుగక పేరుకొనును, సంచులు ఉబ్బును, క్రమముగా కండరపు పోగులు పాడగును.

ఈ వ్యాధిని 1932 లో మొట్టమొదట వర్ణించినవాడు పాంపే అను డచ్చి వైద్యుడు. ఆయన చూచినది ఏడు నెలల పసికందు దేహమును. ఆ వైద్యుడు తరువాత తన దేశమును ఆక్రమించిన నాజీలను ఎదిరించినవారిలో చేరి, 1945 లో వారిచేత కాల్చి చంపబడెను. 1955 లో డి డూవ్ లైసోసోములను కనుగొనిన పిమ్మట, 1963 లో హెర్స్ అను బెల్జియము పండితుడు ఎంజైము లోపమే ఈ రోగమునకు మూలమని నిరూపించెను. లోపించిన ఎంజైమును తయారుచేసి రెండు వారములకొకసారి రక్తనాళమున ఎక్కించు చికిత్స 2006 లో అంగీకరింపబడినది.

పసివారియందు ఈ వ్యాధి గుండెను పట్టి తీవ్రముగ నుండును. పెద్దవారియందు మాత్రము మెల్లగా వచ్చును. మొదట తొడలు, నడుము బలహీనమగును. నేలమీద కూర్చున్నవారు చేతులు ఊనక లేవలేరు, మెట్లెక్కుట కష్టమగును. కొందఱియందు నడక ఇంకను బాగుగనున్నప్పుడే ఉదరవితానము క్షీణించును. ఇది మోసకరమైన స్థితి. నిలిచియున్నప్పుడు కడుపులోని అవయవములు తమ బరువుచే క్రిందికి దిగి ఉదరవితానమునకు తోడ్పడును. వెల్లకిల పండుకొనినప్పుడు ఆ బరువంతయు దానిమీదికే వచ్చును. కావున రోగి పగలు తిరుగుచునే యుండును, రాత్రి పండుకొనలేడు. రెండు మూడు దిండ్లు పెట్టుకొనును. లేదా కూర్చుండియే కునుకు తీయును. నిద్రలో ఊపిరి చాలక బొగ్గుపులుసు గాలి రక్తమున నిలిచిపోవును. అందుచేత తెల్లవాఱులేచునప్పటికి తలనొప్పి, పగలంతయు మత్తు, చదువునందు పరాకు కలుగును. దగ్గు బలము తగ్గుటచే చిన్న జలుబు సైతము ఱొమ్ముపట్టి న్యుమోనియాగా మాఱును.

మన పల్లెలలో ఇట్టివారిని ఎట్లు చూచుచున్నారు? ప్రత్తి చేలలో, మిరప కోతలలో వెనుకబడినవానిని సోమరి యందురు. రాత్రి కూర్చుండి ఆయాసపడువానికి ఉబ్బసమని మందులిత్తురు. కొందఱు గాలి సోకినదని తాయెత్తు కట్టింతురు. తరగతిలో తూగు బాలుని ఉపాధ్యాయుడు మందలించును. ఎవరును దుర్మార్గులు కారు. తెలియమి మాత్రమే కారణము. కాని ఆ తెలియమికి మూల్యము చెల్లించువాడు రోగి. కాలము గడచినకొలది పోగులు నశించును. నశించిన పోగును ఏ సాధనయు తిరిగి పుట్టింపజాలదు. కనుకనే మొదట గుర్తించుట ముఖ్యము. గుర్తించు పద్ధతియు కష్టమైనది కాదు. స్పైరోమీటరు అను పరికరములోనికి రోగిచే ఒకసారి కూర్చుండబెట్టియు, ఒకసారి పండుకొనబెట్టియు ఊదింతురు. పండుకొనినప్పటి కొలత కూర్చున్నప్పటికంటె నూటికి 30 పాళ్లు, అంతకు మించియు తగ్గినచో ఉదరవితానము బలహీనమైనదని వైద్యులు గట్టిగా అనుమానింతురు. పాంపే వ్యాధియా కాదా యనుటకు, కాగితముపై ఆరబెట్టిన నెత్తుటి బొట్టున ఎంజైమును కొలిచి మొదటి పరీక్ష చేయుదురు.

ఇక సాధన సంగతి. ముందుగా కండరబలమును కొలువవలయును. రోగి ఒక గొట్టమును నోట కఱచి పట్టుకొని బలముకొలది పీల్చును. ఆ బలమును నీటి సెంటీమీటర్లలో చెప్పుదురు. అనగా నిలువు గొట్టములో నీటిని అన్ని సెంటీమీటర్ల ఎత్తునకు లాగగల బలమన్నమాట. 80 చేరినవారికి పెద్ద బలహీనత లేదని సాధారణముగా తలంతురు. ఒక రోగికి 40 వచ్చినదనుకొందము. అతనికి చేతిలో ఇముడు చిన్న పరికరమునిత్తురు. దానియందు స్ప్రింగుతో మూయబడిన తలుపొకటి గలదు. నిర్ణయించిన బలముతో పీల్చిననే గాని ఆ తలుపు తెఱచుకొనదు. వైద్యుడు సగము బలము చాలునన్నచో స్ప్రింగును 20 కి బిగింతురు. రోగి ముక్కు మూసికొని, కొన్ని ఊపిరులు తీసి, విశ్రమించి, మరల తీయును. విడుచు కండరములకు ఇట్టిదే వేఱొక పరికరము గలదు. బలము పెరిగినకొలది స్ప్రింగును కొంచెము కొంచెముగా బిగింతురు. వ్యాయామశాలలో యువకుడు బరువులను క్రమముగా పెంచుట యెట్లో ఇదియు నట్లే. భేదమేమన, యువకుడు తన శక్తి యంచువఱకు పోవచ్చును, రోగి పోరాదు. అతని యంచు దగ్గఱగా నున్నది. అదే కండరముతో అతడు రాత్రియంతయు బ్రతుకవలయును.

దీనివలన ఫలమేమి? అమెరికాయందలి డ్యూకు విశ్వవిద్యాలయ పరిశోధకులు పాంపే వ్యాధి గల ఎనిమిదిమంది పెద్దవారిచే 12 వారములు ఈ సాధన చేయించి 2016 లో ఫలితములను ప్రకటించిరి. పీల్చు బలము నూటికి సుమారు 20 పాళ్లు, విడుచు బలము సుమారు 16 పాళ్లు పెరిగెను. ఇది విని సంతోషించుటకు ముందు ఒక్కమాట. సాధన చేయనివారితో పోల్చిచూడనిదే సాధన ఫలము నిశ్చయమగునా? అందుచే వారే 22 మందితో మఱియొక పరీక్ష జరిపి 2020 లో ప్రకటించిరి. కొందఱికి నిజమైన పరికరమును, కొందఱికి బరువులేని పరికరమును ఇచ్చి, ఎవరికేది యిచ్చిరో రోగులకు తెలియనీయలేదు. నిజమైన సాధన చేసినవారికి బలము ఎక్కువగా పెరిగినట్లు కానవచ్చెను గాని, ఆ భేదము యాదృచ్ఛికము కాదని చెప్పదగినంత స్పష్టముగా లేకపోయెను. నాలుగు మెట్లెక్కు కాలము తగ్గుటయు, పగటి మత్తు తగ్గుటయు మాత్రము స్పష్టముగా తేలెను. ఈ విద్య యింకను పరీక్షలో నున్నది. ఆశకు చోటున్నది, అతిశయోక్తికి చోటు లేదు. సాధన వ్యాధిని కుదుర్చదు. ఎంజైము చికిత్సకును, రాత్రి ఊపిరి యంత్రమునకును బదులు కాదు. మిగిలియున్న పోగులను పనిలోనుంచుటయే దాని పని.

ఈ సందర్భమున కొన్ని జాగ్రత్తలు చెప్పక తప్పదు. 2020, 2021 సంవత్సరములలో కోవిడ్ వ్యాపించినప్పుడు అనేక కుటుంబములు మూడు బంతుల ఊపిరి పరికరమును కొనిరి. అది పీల్చిన గాలి వేగమును బంతులెగయుటచే చూపును. స్ప్రింగు పరికరమువలె కొలిచిన బరువును కండరముపై నుంచదు. కావున ఒకదానికి బదులు మఱియొకటి పనికిరాదు. బుడగలూదించుట, బిగబట్టి చేయు ప్రాణాయామము మున్నగువానిని వైద్యుని అడుగక కండరరోగిచే చేయింపరాదు. ఊపిరితిత్తి చుట్టు గాలి చేరినవారికిని, గుండెజబ్బు తీవ్రముగ నున్నవారికిని స్ప్రింగు సాధన హాని చేయవచ్చును. సాధన పిమ్మట అలసట మఱునాటికిని తీఱనిచో బరువు ఎక్కువైనదని గ్రహింపవలయును. ఒకరి నోటిగొట్టమును మఱియొకరు వాడరాదు. అన్నిటికంటె ముఖ్యమైనది: ఉదరవితానము బలహీనమైనవానికి ఆయాసము వచ్చినప్పుడు ఆక్సిజను మాత్రమే యిచ్చి ఊరకుండరాదు. కొఱతపడినది తిత్తిని ఎత్తు బలము. ఆక్సిజనుచే పైకి కోలుకొన్నట్లు కనబడుచునే బొగ్గుపులుసు గాలి పేరుకొని రోగి స్పృహ తప్పవచ్చును. ఆసుపత్రిలో చేర్చునప్పుడు “ఇతనికి కండరవ్యాధి గలదు” అని బంధువులు ముందుగా చెప్పవలయును.

తలిదండ్రులకు మఱియొక మాట. పాంపే వ్యాధి బిడ్డకు రావలెనన్న తల్లి, తండ్రి ఇరువురినుండియు లోపమున్న జన్యువు రావలయును. అట్టి జన్యువు ఒక్కటే గలవారు ఆరోగ్యముగనే యుందురు. అట్టివారిరువురు దంపతులైనచో ప్రతి కాన్పునందును బిడ్డకు వ్యాధి కలుగు అవకాశము నాలుగింట ఒకటి. మేనరికము, మేనమామ సంబంధము మన వాడుక గనుక, ఒకే పూర్వికుని జన్యువు ఇరువైపులనుండి కలియుట మనయందు సులభము. ఇది ఎవరి పాపమును కాదు, కోడలి దోషము అసలే కాదు. కుటుంబమున ఇట్టి వ్యాధి యున్నప్పుడు పెండ్లికి ముందు జన్యు సలహా పొందుట వివేకము.

సహాయము మనకు మిక్కిలి దూరమున లేదు. భారత ప్రభుత్వము 2021 లో అరుదైన వ్యాధుల జాతీయ విధానమును ప్రకటించినది. పాంపే వ్యాధి అందు చేర్చబడినది. రోగికి ఈయదగు సహాయపు పరిమితి 2022 లో 50 లక్షల రూపాయలకు పెంచబడినది. ఎంజైము చికిత్స జీవితాంతము కావలసినది గనుక ఇది చాలునని చెప్పలేము; కాని తలుపు తెఱచినది. ఈ సహాయము పొందుటకు ఎంపికైన కేంద్రములలో హైదరాబాదునందలి డి.ఎన్.ఎ. ఫింగర్‌ప్రింటింగు కేంద్రమును, దానితో కలిసి పనిచేయు నిమ్స్ ఆసుపత్రియు గలవు. మన కంచికచెర్ల, నందిగామ, జగ్గయ్యపేటల మీదుగా పోవు జాతీయ రహదారియే హైదరాబాదునకు దారి.

విద్యార్థులారా, ఈ వ్యాధి మిక్కిలి అరుదైనది; మీలో చాలమంది తమ జీవితమున ఒక్క పాంపే రోగినైనను చూడకపోవచ్చును. అయినను కండరములను క్షీణింపజేయు వ్యాధులు అనేకములు గలవు. వానియందును ఊపిరి సంగతి ఇట్లే యుండును. మీ తరగతిలో పరుగిడలేని తోటివాడు, బెంచి పట్టుకొని లేచువాడు, ఉదయమున తలనొప్పితో వచ్చి పాఠమునందు తూగువాడు ఉన్నయెడల నవ్వకుడు, ఉపాధ్యాయునితో చెప్పుడు. ఉపాధ్యాయుడు తలిదండ్రులతోను, వారు వైద్యునితోను చెప్పినచో, పోగులు మిగిలియుండగనే సాధనకును చికిత్సకును సమయము దొరకును. దేవుడు మనకిచ్చిన ఊపిరిని మనము లెక్కింపక తీయుచున్నాము. దానిని లెక్కించి తీయవలసిన సోదరుడు మన ప్రక్కనే యుండవచ్చునని మఱువకుందుము గాక.